చేత్తో తిప్పే లెన్సా, తనంత తానే తిరిగే లెన్సా?

చిలకలూరిపేట దగ్గర పల్లెనుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం మిగతా ఉత్తరాలన్నిటినీ వెనక్కి నెట్టింది. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యను. సంగతి మాత్రం ఆవిడ మాటల్లోనే కొంత చెబుతాను.

“మాకు మూడెకరాల మిర్చి, రెండెకరాల పత్తి. 2025లో మిర్చి ధర పడిపోయిన తరవాత మా అబ్బాయి ‘అమ్మా, నేను పొలాన్ని నమ్ముకుని కూర్చోను, పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాను’ అన్నాడు. డిగ్రీ అయింది. ఎవరో వాడిన మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి చవగ్గా కొన్నాడు. ఇప్పుడు లెన్సు కొనాలట. మా మామగారికి వెనక ఫోటో స్టూడియో వుండేది. ఆయన నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా, దాని 50 మిల్లీమీటర్ల లెన్సు ట్రంకుపెట్టెలో వున్నాయి. ‘మా నాన్న వెయ్యి పెళ్ళిళ్ళు దాంతోనే తీశాడు, నీకేం తక్కువ’ అంటారు మావారు. ‘అది చేత్తో తిప్పుకోవాలి నాన్నా, ఈ రోజుల్లో కుదరదు’ అంటాడు వాడు. కొత్తదానికి ఇరవై వేలయినా కావాలట. తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. అన్నం వడ్డించేటప్పుడు ఒకరి మాట ఒకరికి నేను చేరవెయ్యాలి. ఎవరి మాట నిజమో మీరైనా చెప్పండి.”

ఇద్దరి మాటా నిజమేనని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. కాని ఇరవై వేలంటే ఆ యింటికి చిన్న మాట కాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుని మిర్చికి నిర్ణయించిన ధర క్వింటాలుకి 11,781 రూపాయలు. ఆ లెక్కన ఇరవై వేలంటే ఒక క్వింటాలు డెబ్భై కిలోల మిరపకాయలు. నారు పోసి, మందులు కొట్టి, కూలీలను పెట్టి కోయించి, కల్లంలో ఎండబెట్టి, తాలు ఏరించి, టిక్కీలకు ఎత్తించి, గుంటూరు యార్డుకు తోలిన మిరపకాయలు. అంత సరుకు ఒక గాజుబిళ్ళల గొట్టం కిందికి మారుతున్నప్పుడు ఆ తల్లికి కొంచెం వివరంగానే జవాబు చెప్పాలి. కెమెరాల గొడవ పట్టనివారు కూడా ఓపిక పట్టండి. మీ ఇంట్లోనూ ఇవాళో రేపో ఒకడు బయలుదేరతాడు.

ముందు మాటలు తెలుసుకుందాం. వెనకటి ఎఫ్‌ఎం2 వంటి కెమెరాలో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఏటవాలుగా ఒక అద్దం వుండేది. మనం చూసే బొమ్మ ఆ అద్దంమీద పడి పైకి వచ్చేది. మీట నొక్కగానే అద్దం టక్కున లేచి దారి ఇచ్చేది. ఆ చప్పుడు విన్నవాళ్ళు మరిచిపోరు. ఇప్పుడు ఆ అద్దం తీసేశారు. వెలుతురు నేరుగా సెన్సారుమీద పడుతుంది, కంటిదగ్గర చిన్న టెలివిజను తెరలాంటిది పెట్టి దాన్నే మనకి చూపిస్తారు. అద్దం లేదు కనుక మిర్రర్‌లెస్. లెన్సులు మార్చుకునే ఇటువంటి కెమెరాల్లో పానసోనిక్ వారి జీ1 2008లో వచ్చింది. 2018లో నికాన్, కానన్ కంపెనీలు కూడా పెద్ద సెన్సారుతో అద్దంలేని కెమెరాలు తీసుకువచ్చాయి. అక్కడినుంచి అద్దం పని సరి అయిపోయినట్టే.

ఇక ప్రైమ్ లెన్సు. జూము లెన్సు దూరాన వున్నదాన్ని దగ్గరికి లాగుతుంది, దగ్గరదాన్ని దూరం జరుపుతుంది. ప్రైమ్‌కి ఆ విద్య లేదు. ఒకటే చూపు. దగ్గరగా కావాలంటే మనమే నాలుగడుగులు ముందుకి వెయ్యాలి. దానికి బదులుగా వెలుతురు తాగే నోరు పెద్దది. ఎఫ్ అంకె తగ్గినకొద్దీ ఆ నోరు పెద్దదని గుర్తు. మామూలు జూము ఎఫ్ 5.6 దగ్గర పుచ్చుకునే వెలుతురుకి ఎఫ్ 1.8 ప్రైమ్ దాదాపు పదిరెట్లు పుచ్చుకుంటుంది. రాత్రి లగ్నాలకి దాన్ని మించినది లేదు. ముఖం తేటగా, వెనక దీపాలు మెత్తగా అలుక్కుపోయి కనిపించే ఫోటోలు చూసి వుంటారు. అవన్నీ ఈ పెద్దనోటి మహిమే.

ఆ పెద్దనోటికి ఒక చిక్కుంది. ఇంట్లో తగాదా అంతా దాని దగ్గరే. నోరు పెద్దదైనకొద్దీ బొమ్మలో స్ఫుటంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. పెద్ద సెన్సారు కెమెరాకి 50 మి.మీ. లెన్సు పెట్టి ఎఫ్ 1.8లో రెండు మీటర్ల దూరాన వున్న మనిషిని తీస్తే, తేటగా వచ్చే మందం సుమారు 17 సెంటీమీటర్లు. ఒక మీటరు దగ్గరికి జరిగితే నాలుగు సెంటీమీటర్లు. అంటే కంటినుంచి చెవిదాకా కూడా రాదు. పెళ్ళికూతురు సిగ్గుతో నాలుగు వేళ్ళ మందం తల వంచితే చాలు, కళ్ళు మసకైపోయి పాపిటబిళ్ళ ధగధగలాడుతుంది!

తాతగారు వెయ్యి పెళ్ళిళ్ళు తీశారన్న మాటలో అబద్ధం లేదు. కాని ఆయన ఎలా తీశారన్నది కూడా చూడాలి కదా. ఆనాటి స్టూడియోల వాళ్ళు ఫ్లాషు బిగించి, లెన్సు నోరు ఎఫ్ 8కి కుదించి తీసేవారు. ఆ లెన్సునే ఎఫ్ 8లో పెట్టి మూడు మీటర్లకు తిప్పి వదిలేస్తే, రెండుంపావు మీటర్లనుంచి నాలుగు మీటర్లు దాటేదాకా మధ్యన వున్నవాళ్ళందరూ తేటగా పడతారు. పీటలమీద దంపతులూ, వెనక నిలబడ్డ అత్తమామలూ, పక్కన తోడిపెళ్ళికూతురూ అందరూ అందులో ఇమిడిపోతారు. చెయ్యి అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు. పైపెచ్చు ఫిల్ము చుట్టకి 36 బొమ్మలే గనుక ఆయన దుబారా చెయ్యడు, పెళ్ళివాళ్ళూ తొందర పెట్టరు. “కాస్త ఆగండి, ఇటు చూడండి” అని ఫోటోగ్రాఫరు అంటే పురోహితుడుగారు కూడా మంత్రం ఆపి జంధ్యం సర్దుకునే రోజులవి. తాళిబొట్టు పట్టుకున్న పెళ్ళికొడుకు చెయ్యి అలా గాలిలోనే నిలిచిపోయిన ఫోటోలు ప్రతి ఇంటి ఆల్బంలోనూ వున్నాయి. చూసుకోండి.

ఇప్పుడు అలా ఆగేది ఎవరు? ఆగిన ఫోటో వాళ్ళకి అక్కరలేదు కూడాను. నవ్వుతూ వుండగా, ఏడుస్తూ వుండగా, తమకి తెలియకుండా తియ్యాలి. వెనకాల అంతా మెత్తగా అలుక్కుపోవాలి. అంటే ఎఫ్ 1.8 కావాలి, కదిలే మనిషి కావాలి, నాలుగు వేళ్ళ మందంలో కన్ను పడాలి. తాతగారు చేతికి అప్పగించిన పని వేరు, మనవడు చేతికి అప్పగించబోయే పని వేరు. తండ్రి ఇది గమనించలేదు. కొడుకు విడమరిచి చెప్పలేదు. పంతం అక్కడ పుట్టింది.

ఆటోఫోకస్ అంటే ఏమిటో కూడా కాస్త చూద్దాం. ఇది కొత్త వింత ఏమీ కాదు. 1977లో కొనికా సీ35 ఏఎఫ్ అనే చిన్న కెమెరా ఆటోఫోకస్‌తో బజారులో అమ్మకానికి వచ్చింది. 1985లో మినోల్టా 7000 వచ్చిన తరవాత లెన్సులు మార్చే పెద్ద కెమెరాల్లో ఈ పద్ధతి పాతుకుపోయింది. పని చేసే తీరు రెండు రకాలు. మొదటిది రేడియో మీట తిప్పి స్టేషను పట్టుకున్నట్టు: ముందుకి తిప్పి, దాటిపోయిందని తెలుసుకుని, వెనక్కి తిప్పి, బొమ్మ బాగా తేటపడ్డచోట ఆగడం. రెండోది మన రెండు కళ్ళలాగా. లెన్సు ఎడమ అంచునుంచి వచ్చిన వెలుతురునీ, కుడి అంచునుంచి వచ్చినదాన్నీ పోల్చి చూసి, ఎటు తిరగాలో ఎంత తిరగాలో ముందే లెక్కకట్టి ఒక్క ఊపులో అక్కడికి పోవడం. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి ఈ రెండో విద్య సెన్సారులోనే ఇమిడి వుంది. దానికి తోడు మనిషి కన్ను ఎక్కడుందో గుర్తుపట్టి దాన్నే అంటిపెట్టుకుని తిరగడం కూడా నేర్చాయి.

జీలకర్ర బెల్లం ముహూర్తం తలుచుకోండి. మధ్యన తెరసెల్ల. మేళగాళ్ళు పురోహితుడి చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటారు. డోలు హోరెత్తుతుంది, తెర తొలగుతుంది, ఆ రెప్పపాటులో పిల్ల తలెత్తి అతని ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు ఒక్కసారే. మళ్ళీ చూడమ్మా అంటే చూసేది కెమెరాని, మొగుణ్ణి కాదు. అప్పుడు చేత్తో రింగు తిప్పుకుంటూ వెతికేవాడు నూటికి ఎన్ని సార్లు పట్టుకుంటాడు? ఇరవయ్యేళ్ళు సాధకం చేసినవాడైతే పట్టవచ్చు. మొన్న కెమెరా కొన్న కుర్రవాడు పట్టలేడు. పట్టలేకపోతే పోయేది ఆ కుర్రవాడి బొమ్మ కాదు, ఎవరో ఆడపిల్ల తల్లిదండ్రులు డబ్బిచ్చి నమ్ముకున్న బొమ్మ.

అమ్మా, మీరు అడిగినదానికి నా జవాబు ఇక్కడే వుంది. లెన్సు ఏది మంచిదని అడగవద్దు. తప్పిపోతే నష్టం ఎవరిదని అడగండి. నష్టం తనది అయినచోట మీ అబ్బాయి చేత్తో తిప్పుకోవచ్చు, నేర్చుకోవచ్చు, పదిసార్లు చెడగొట్టుకోవచ్చు. నష్టం ఎదుటివాళ్ళది అయినచోట, అదీ మళ్ళీ రాని ముహూర్తంలో, యంత్రం సాయం వద్దనడం పౌరుషం కాదు. కనుక పెళ్ళిళ్ళకి ఆటోఫోకస్ లెన్సు కావలసిందే. ఈ విషయంలో అబ్బాయిదే పైచెయ్యి.

అలాగని చేతి లెన్సు పాతకాలపు చాదస్తమని అనుకోకండి. సినిమావాళ్ళు నేటికీ చాలాచోట్ల చేత్తోనే తిప్పిస్తారు. కెమెరా పక్కన నిలబడి ఫోకసు రింగు తిప్పడానికి వేరే ఒక సహాయకుడు వుంటాడు. టేపు పెట్టి దూరం కొలిచి గుర్తులు వేసుకుంటాడు. నటి ఏ మాటదగ్గర ఏ గుర్తుమీదికి వస్తుందో ఆ మాటకి రింగు ఆ గుర్తుకి రావాలి. 1957లో వచ్చిన “మాయాబజార్”కి మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం చేసిన నాటికి ఆటోఫోకస్ అన్న మాటే లేదు. మన గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి ముఖంలో శశిరేఖ అలకా, ఘటోత్కచుడి బింకమూ క్షణక్షణం మారుతుంటే, ఆ కళ్ళు తెరమీద అంత తేటగా నిలిచింది చేతి పనివాళ్ళ వల్లనే. అయితే అక్కడ ఒక వెసులుబాటుంది. తప్పితే మళ్ళీ టేకు తీయవచ్చు. పెళ్ళిపందిట్లో రెండో టేకు లేదు.

వీడియోలో మాత్రం చేతి ఫోకసుకి ఒక మేలుంది. ఆటోఫోకస్ పెట్టి మంత్రపుష్పం తీస్తూ వుంటే, మధ్యలో హారతి పళ్ళెం పట్టుకుని ఎవరో అడ్డం వెళ్ళగానే ఫోకసు వాళ్ళవెంట పరుగెత్తి తిరిగి వస్తుంది. చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. పీటలమీద కూర్చున్నవాళ్ళు కదలరు గనుక ఒకచోట నిలిపి వదిలెయ్యడమే నయం.

ఆటోఫోకస్ బోల్తాపడే చోట్లు మన ప్రాంతంలో కావలసినన్ని. పత్తి తీతల రోజుల్లో గోడౌనులో పోసిన పత్తి కొండని మిట్టమధ్యాహ్నపు వెలుతురులో తీయబోతే, అంతా ఒకటే తెలుపు గనుక పట్టుకోవడానికి దానికి గీతా మరకా ఏదీ దొరకదు. లెన్సు ముందుకీ వెనక్కీ ఊగుతూ వుంటుంది. చేలో గుల్ల పగిలిన ఒక్క పత్తికాయ కావాలంటే, దానిముందు ఊగే ఆకును పట్టుకుని అదే పత్తికాయ అని మనల్ని నమ్మిస్తుంది. చాలా కెమెరాల్లోని సెన్సారు నిలువుగీతల్ని చప్పున పట్టుకుంటుంది, అడ్డగీతల దగ్గర తడబడుతుంది. దండెంమీద ఆరవేసిన మంగళగిరి చీర అంచు అలాంటిదే. దానికి మందు సులభం: కెమెరాని కొంచెం ఏటవాలుగా తిప్పి ఫోకసు పట్టించి, తిరిగి సరిచేసుకుని మీట నొక్కడమే.

ఇటువంటిచోట్ల తాతగారి లెన్సు రాజు. కల్లంలో మిరపకాయలు ఎర్రటి జంబుఖానా పరిచినట్టు ఎండుతున్నాయి. నలుగురు ఆడవాళ్ళు తలగుడ్డ ముక్కుకి అడ్డం కట్టుకుని తాలు ఏరుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా అక్కడే కూర్చుంటారు. ముహూర్తం లేదు, తొందర లేదు. రింగు మెల్లిగా తిప్పితే ముందు కాయల కుప్ప తేటపడుతుంది, తరవాత వేళ్ళు, తరవాత గాజులు, ఆ తరవాత ముఖం. ఏది కావాలో కెమెరా చెప్పదు, మనమే చెప్పుకోవాలి. కుర్రవాడు ఫోటో అంటే ఏమిటో అక్కడ నేర్చుకుంటాడు. 1858లో లినియస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలకి తీసిన ఫోటోలు నేటికీ చూడదగినవి. రాయి కదలదు, తీసేవాడు తొందరపడడు.

మిర్రర్‌లెస్ కెమెరా చేతి లెన్సుకి రెండు సాయాలు చేస్తుంది. ఎఫ్‌ఎం2లో ఇవి లేవు. ఒకటి, తెరమీద బొమ్మని ఐదు పది రెట్లు పెద్దది చేసి చూపడం. కంటిరెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకుని రింగు ఆపవచ్చు. రెండోది, పీకింగు అంటారు, తేటగా వున్న అంచులకి రంగు పూసి చూపడం. ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ రంగు ఎరుపు పెట్టుకుని మిర్చి కల్లంలోకి వెళ్ళారా, ఏది ఫోకసో ఏది మిరపకాయో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు! కెమెరాలో రంగు మార్చుకునే వీలుంటుంది. మిర్చి దగ్గర తెలుపో పసుపో, పత్తి దగ్గర ఎరుపు. నోరు బాగా పెద్దది చేసి తీసేటప్పుడు మాత్రం పీకింగుని పూర్తిగా నమ్మకండి, కొంచెం అటూ ఇటూ అయినా రంగు పూసేస్తుంది. పెద్దది చేసి చూసుకోవడమే గట్టి పద్ధతి.

కొత్త ఆటోఫోకస్ లెన్సుని కూడా చేత్తో తిప్పవచ్చు కదా, రెండూ ఒకదానిలోనే వస్తాయి కదా అని అబ్బాయి అనవచ్చు. తిప్పవచ్చు. కాని వాటిలో చాలావాటికి రింగు గాజుబిళ్ళని నేరుగా కదపదు. మనం తిప్పితే లోపలి మోటారుకి కబురు వెళుతుంది, అది తిప్పుతుంది. ఈ కొస ఆ కొస వుండదు, గిరగిర తిరుగుతూనే వుంటుంది. చాలావాటిమీద మీటర్ల అంకెలు కూడా చెక్కరు. తాతగారి లెన్సులో అనంతం దగ్గర టక్కున ఆగుతుంది, అంకెలు రంగుతో వుంటాయి, చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది. నేర్చుకునే చేతికి ఆ పాతదే గురువు.

ఇక డబ్బు సంగతి. మీ అబ్బాయి కెమెరాలో సెన్సారు చిన్నదా పెద్దదా కనుక్కోండి. చిన్నదైతే (ఏపీఎస్-సీ అంటారు) దానిమీద 50 మి.మీ. లెన్సు 75 దానికిమల్లే, కానన్ అయితే 80 దానికిమల్లే చూస్తుంది. ఒక ముఖానికి, ఇద్దరు మనుషులకి దివ్యంగా వుంటుంది. పెళ్ళిపీటలూ బంధువర్గమూ అందులో పట్టవు. వెనక్కి జరుగుదామంటే షామియానా గుంజ తగులుతుంది. కనుక కొత్తగా కొనేది మళ్ళీ 50 అయితే అది దండగ. ఇంట్లో 50 వుండనే వుంది. 35 గాని అంతకు కొంచెం తక్కువ గాని ఆటోఫోకస్‌ది చూడమనండి. పెద్ద సెన్సారైనా 35 పనికొస్తుంది. అప్పుడు రెండు లెన్సులు రెండు పనులకి అవుతాయి, తండ్రి మాటా కొడుకు మాటా ఒకే సంచీలో సర్దుకుంటాయి.

మొదటి రెండు మూడు పెళ్ళిళ్ళకి కొనకుండా అద్దెకు తెచ్చుకోమనండి. పట్నాల్లో లెన్సులు రోజు అద్దెకి ఇచ్చే దుకాణాలు వున్నాయి. ఆ చూపు చేతికి నచ్చిందా, పార్టీవాళ్ళు డబ్బు చేతిలో పెట్టారా అన్నది తేలాక కొనవచ్చు. బజారులో ఏడు, ఎనిమిది వేలకే కొత్త చేతి లెన్సులు కూడా దొరుకుతున్నాయి, అవి ఎఫ్ 1.4, 1.2 అని ఊరిస్తాయి కూడాను. పెళ్ళిళ్ళ పనికి ఆ చవకదనాన్ని చూసి మోసపోవద్దు. లోతు ఇంకా తక్కువ, తిప్పేది చేత్తో. తప్పేవి ఎక్కువ.

ట్రంకుపెట్టెలోని లెన్సుని కొత్త కెమెరాకి ఎలా తగిలించాలని మీవారు అడుగుతారు. అద్దం వుండే చోటు కోసం పాత నికాన్ లెన్సులు సెన్సారుకి 46.5 మిల్లీమీటర్ల దూరాన వుండాలి. అద్దం తీసేసిన సోనీ కెమెరాలో ఆ దూరం 18, కానన్‌లో 20, నికాన్ జడ్‌లో 16 మాత్రమే. మిగిలిన ఖాళీని నింపడానికి ఒక గొట్టం చాలు. అడాప్టరు అంటారు. బిందె కింద చుట్టకుదురు పెట్టినట్టే. అందులో గాజు వుండదు, తీగలు వుండవు, కనుక ధర కూడా ఎక్కువ కాదు. తగిలించాక కెమెరాకి లెన్సు వున్నట్టే తెలియదు, కొన్ని మొరాయిస్తాయి. “లెన్సు లేకపోయినా మీట పనిచెయ్యి” అన్న ఏర్పాటు మెనూలో వుంటుంది, దాన్ని తెరవాలి. చెయ్యి వణుకు సర్దే సదుపాయం కెమెరా లోపల వుంటే దానికి 50 అని అంకె చెప్పాలి. సెన్సారు చిన్నదైనా 75 అని చెప్పకూడదు.

ముందుగా ఆ లెన్సు పాడవకుండా వుందా అన్నది చూడండి. మన కోస్తా వానాకాలపు చెమ్మకి, తోలు సంచీలో మూసిపెట్టిన లెన్సుల్లో బూజు పడుతుంది. ఒకవైపు నుంచి టార్చిలైటు వేసి రెండోవైపునుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూటి పోగుల్లాంటివి కనపడితే బూజు. అంచున కొంచెం వుంటే బొమ్మకి నష్టం లేదు, నడుమ అల్లుకుంటే మెకానిక్కుకి ఇవ్వాలి. రింగు బిగుసుకుపోయిందా, ఎఫ్ రెక్కలకి నూనె పట్టిందా చూడండి. ఇంట్లో స్క్రూలు విప్పవద్దు. ఆ తరవాత తోలు సంచీలో కాకుండా, మూత బిగువుగా వుండే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు వేసి పెట్టుకోవాలి.

లెన్సు మార్చడం మాత్రం కల్లంలోనూ యార్డులోనూ వద్దు. మిరపఘాటు మనిషిని తుమ్మించి వదిలేస్తుంది; సెన్సారుమీద పడ్డ దుమ్ము మాత్రం ఆకాశం తీసిన ప్రతి బొమ్మలోనూ చుక్కై కూర్చుంటుంది. ఇంటిదగ్గరే ఏది కావాలో తగిలించుకుని బయలుదేరాలి. కాయలు ముట్టిన చేత్తో కెమెరా కంటిగూడు ముట్టి, అదే కంటికి ఆనించుకుంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఇదే విషయంమీద ఒంగోలునుంచి ఒక కాలేజీ విద్యార్థి రాశారు. ఎడ్ల బండలాగుడు పోటీలు తీస్తారట. కెమెరా మనిషి కన్నుని పట్టుకుంటోంది గాని గిత్త కన్నుని ఒకసారి పట్టి ఒకసారి వదిలేస్తోందట. ఎందుకంటే, నాయనా, చాలా కెమెరాలకి ఆ విద్య నేర్పినవాళ్ళు కుక్కనీ పిల్లినీ పక్షినీ తలుచుకుని నేర్పారు. ఒంగోలు గిత్తని వాళ్ళు చూసి వుండరు. దాన్నిమీరు కన్నుమీద వదిలెయ్యకుండా, ఫోకసు గడిని చిన్నది చేసి నుదుటిమీద నిలపండి. గంగడోలు ఊగుతూ వుంటుంది, దానిమీద పెట్టవద్దు. లేదా చేతి పద్ధతి వుండనే వుంది: పెద్ద సెన్సారుమీద 35 లెన్సు ఎఫ్ 8లో పెట్టి ఐదు మీటర్లకి తిప్పి వదిలేస్తే, రెండున్నర మీటర్లనుంచి కనుచూపుమేర దాకా సరిపోయేంత తేటగా పడుతుంది. చిన్న సెన్సారైతే ఏడున్నర, ఎనిమిది మీటర్ల మధ్య తిప్పండి, నాలుగు మీటర్లనుంచి అవతలంతా పడుతుంది. షట్టరు సెకనులో 500వ వంతుకి తగ్గనివ్వకండి, దుమ్ము లేచేటప్పుడు నొక్కండి. ఎడ్లకి ఎదురుగా నిలబడక, తాడు అవతల పక్కవాటున నిలబడండి.